పువ్వు ఏ పక్క పడింది

ఆ ఎండాకాలం నాకు రెండు ఊళ్లు మార్చి మార్చి కలలోకి వచ్చేవి. రెండూ నేను చూడనివే. ఒకదాంట్లో ఎప్పుడూ వాన. ఇరుకు సందులు, తడిసిన రేకుల కప్పులు, ఒక మేడ మీద నీలం గౌన్లు వేసుకున్న అమ్మాయిలు. రెండోదాంట్లో కొండ, కొండ కింద పొడవాటి వరండా, వరండా చివర తీగ మీద ఆరేసిన తెల్లకోట్లు. చూడని ఊళ్లు కాబట్టి వాటిలోని ఖాళీలను నా నిద్ర తనకు తెలిసిన సామానుతోనే నింపుకునేది. వాన ఊళ్లో సందు తిరిగితే కువైట్‌లో మేముండే ఫర్వానియా బిల్డింగు లిఫ్టు ఉండేది. కొండ ఊళ్లో వరండా దిగితే కువైట్ సిటీ సముద్రం ఒడ్డు, అక్కడ రాళ్ల మీద కూర్చుని గాలం వేసే ముసలాయన. మెలకువ వచ్చేసరికి ఏసీ గుర్రుమంటూ ఉండేది. పరదా అంచున వెలుగు పసుపుగా కనిపించేది, బయట దుమ్ము లేచి ఉండేది. నేను ఏ ఊళ్లో ఉన్నానో తెలియడానికి కాసేపు పట్టేది.

వాన ఊరు మనీలా. కొండ ఊరు తిరుపతి. పన్నెండో తరగతి అయిపోయాక రెండు చోట్లా నాకు సీటు వచ్చింది. ఎండలు ముదిరేలోపు ఒకదానికి అవునని, ఇంకోదానికి వద్దని చెప్పాలి. చదువు మాత్రం రెండు చోట్లా ఒకటేనని మా ఇంట్లో అనుకునేవాళ్లు. కాన్పులు చేసే చదువు. మిడ్‌వైఫరీ అనే మాట మా నాయన నోట్లో ఎన్నడూ సాఫీగా తిరగలేదు. అర్దియాలో ఆయన బండ్లకు రంగులు వేసే వర్క్‌షాపులో ఎవరైనా అడిగితే "మా పాప మంత్రసాని కోర్సు చేస్తాది" అని చెప్పేవాడు. అవతలివాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు గానీ మాట మార్చుకునేవాడు కాదు.

ఈ చదువు మీద నాకు మనసెందుకు పడిందో తెలియాలంటే మా చెల్లి పుట్టిన రోజు గురించి చెప్పాలి. అమ్మ పెళ్లికి ముందు కువైట్‌లోనే మిష్రిఫ్ అనే పేటలో ఒక ఇంట్లో వంట చేసేది. రాయచోటి దగ్గరి మా పల్లె నుంచి నేరుగా ఆ వంటింట్లోకి వచ్చిన మనిషి. పెళ్లయ్యాక నాయన తన ఇఖామా మీదికి, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి మీదికి, మార్పించుకున్నాడు. అమ్మకు వచ్చిన అరబ్బీ అంతా ఆ వంటింటి అరబ్బీయే. ఉప్పు, నీళ్లు, తొందరగా, అయిపోయింది, అంతవరకే. ఇంటావిడను పనివాళ్లందరూ పిలిచినట్టే మామా అని పిలిచేది. చెల్లి కడుపులో ఉండగా నొప్పులొచ్చి ఆస్పత్రికి పోతే నాయన బయటే ఉండిపోవాల్సి వచ్చింది. లోపల అమ్మకు పుట్టింటివాళ్లు లేరు, మాట తెలిసినవాళ్లూ లేరు. నొప్పి తట్టుకోలేక, కాన్పు చేయడానికి వచ్చిన మంత్రసాని చెయ్యి పట్టుకుని "మామా, ఖలాస్. ఖలాస్ మామా" అని ఏడ్చిందట. వంట అయిపోయిందని చెప్పడానికి రోజూ వాడిన మాట అది. ఇంక నావల్ల కాదని చెప్పడానికి అమ్మ దగ్గర వేరే మాట లేదు. ఆ మంత్రసాని ఏ దేశపు మనిషో అమ్మకు ఇప్పటికీ తెలియదు. "బాకి శ్వయ్" అందట, ఇంకొంచెమే అని. అమ్మ పట్టుకున్న చెయ్యి మాత్రం బిడ్డ బయటపడేదాకా వెనక్కి తీసుకోలేదట.

ఈ కథను మా ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ అమ్మ చెప్పేది. మామా అనే చోటుకు వచ్చేసరికి అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. అమ్మే ముందు నవ్వేది. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి నవ్వు రాలేదు. ఆ మనిషి ఎవరై ఉంటుంది, ఇంటికి పోయి ఏం తిని ఉంటుంది, తననొక ముక్కూ మొహం తెలియని ఆడది మామా అని పిలిచిందని ఎవరికైనా చెప్పుకుందా అని ఆలోచించేదాన్ని. బడిలో ఏమవుతావని అడిగినప్పుడు కాన్పులు చేసేదాన్ని అవుతానన్నాను. డాక్టరు అని టీచరు సవరించబోయింది. కాదు మేడం, డాక్టరు వచ్చేదాకా పక్కనే ఉంటుందే, ఆవిడ అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు మొండితనం అక్కడే మొదలైందనుకుంటా.

మనీలా పేరు మా ఇంట్లోకి తెచ్చింది ఫిలిప్పీన్ ఆంటీ. మిష్రిఫ్ ఇంట్లో అమ్మ వంట చేసే రోజుల్లోనే పిల్లలను చూసుకోవడానికి చేరిన మనిషి. అమ్మ వచ్చేసినా ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఆ పిల్లలు మీసాలు పెంచి కార్లు నడుపుతున్నా ఆవిడను వదల్లేదు. సెలవు దొరికిన శుక్రవారాల్లో మా ఇంటికి వచ్చి, అమ్మ చేసిన సంగటి, కోడికూర తిని, సోఫాలో కూర్చున్నట్టే కునికేది. వాళ్లిద్దరూ మాట్లాడుకునే భాష మూడో మనిషికి అర్థమయ్యేది కాదు. కొంత అరబ్బీ, కొంత హిందీ, మిగతాదంతా చేతులు. ఆవిడ చెల్లెలి కూతురు మనీలాలో ఈ చదువే చదివింది. ఆ అమ్మాయి ఫొటోలు ఆంటీ ఫోన్లో చూపిస్తుంటే నేను ఆ అమ్మాయిని చూసేదాన్ని కాదు. వెనకాల తడిసిన గోడను, కిటికీ చువ్వలను, ఆకాశం రంగును చూసేదాన్ని. కువైట్‌లో పెరిగినదానికి అంత బూడిదరంగు ఆకాశం చూస్తే మత్తుగా ఉంటుంది.

ఆంటీ చెప్పినదాన్ని బట్టీ, నేను చదువుకున్నదాన్ని బట్టీ రెంటికీ తేడా ఇది. తిరుపతి వైపు కాలేజీలో నర్సింగూ కాన్పుల చదువూ కలిపి నేర్పుతారు. గుండె వార్డు, ఎముకల వార్డు, మందుల గది అన్నీ తిరగాలి. వాటి మధ్యలో ప్రసూతి వార్డు. బయటికొచ్చాక ఏ వార్డులో వేస్తే ఆ వార్డు. మనీలాలో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా తల్లీ బిడ్డా, అంతే. అక్కడ పేటల్లో చిన్న చిన్న ప్రసూతి ఇళ్లు ఉంటాయట. నాలుగు మంచాలు, ఒక వంటగది, వాకిట్లో చెప్పులు. పిల్లలను ఆ ఇళ్లలోనే పెట్టి పని నేర్పుతారట. నా కలలో కనిపించే మేడ అదేనని నేను తేల్చేసుకున్నాను.

ఇంతవరకే అయితే ఎంచుకోవడం ఎంతసేపు. పేచీ అంతా ఇఖామాతోనే వచ్చింది. నేను ఈ దేశంలో ఉండేది నాయన ఇఖామా నీడన. ఆరు నెలలు దాటి బయట ఉన్నానంటే నాది చెల్లదు. తిరుపతిలో చేరితే ప్రతి సెలవులకూ వచ్చిపోతూ దాన్ని బతికించుకోవచ్చు. మద్రాసుకు పోయి విమానం ఎక్కితే అదే రోజు అమ్మ చేతి అన్నం తినొచ్చు. మనీలాలో అది కుదరదు. దూరం పెద్దది, సెలవులు చిన్నవి, మాటిమాటికీ టికెట్టు కొనే తాహతు మాకు లేదు. మనీలా అన్నానంటే ఈ ఇల్లు, ఈ వీధి, కింద ఈజిప్టాయన రొట్టెల కొట్టు, అమ్మ ఉండే ఊరు, వీటికి ఇంక నా సొంతమన్నట్టు తిరిగి రావడం ఉండదు. అమ్మ పుట్టింట్లో పుట్టి, చంకన ఎత్తుకుని తెచ్చిన బిడ్డగా నేనిక్కడికి వచ్చాను. నాకు బుద్ధి తెలిశాక ఉన్నది ఈ ఒక్క ఊరే.

అమ్మ తిరుపతి పక్షం. నోరు తెరిచి వద్దని ఎన్నడూ అనలేదు గానీ, తిరుపతి నీళ్లకు జుట్టు ఊడదా, హాస్టల్లో పెరుగు గట్టిగా వేస్తారా అని రోజూ ఒక ప్రశ్న వేసేది. మనీలా గురించి ఒక్కటీ అడిగేది కాదు. ఒక రోజు సంగటి కెలుకుతూ తన వాదన బయటపెట్టింది.

"నొప్పులు పడేదాని మాట నీకు అర్థం కావాల గదా పాపా. తిరుపతిలో అయితే ఏమని అరిచినా నీకు తెలుస్తాది. ఆడ వాళ్లేమంటారో ఏమో."

"నువ్వు మామా అని అరిస్తే ఆమెకు తెలిసింది గదమ్మా."

"ఆమె ఎన్నేండ్ల నుంచి చేస్తాందో ఏమో. నువ్వు కొత్తగా పోతాండావు," అంది. తెడ్డు తిప్పడం ఆపలేదు.

నేను గెలిచాననుకున్నాను. కానీ అమ్మ వాదిస్తున్నది మాట గురించి కాదని నాకూ తెలుసు. ఏడ్చో, బతిమాలో అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. పెరుగు గురించి అడిగే మనిషితో ఎట్లా పోట్లాడతాం?

సర్టిఫికెట్ల మీద ముద్ర వేయించడానికి ఒక రోజు నాయనతో కలిసి బస్సులో కువైట్ సిటీకి పోయాను. పని త్వరగానే అయిపోయింది. మధ్యాహ్నం ఎండకు ఊరంతా కళ్లు మూసుకున్నట్టుంది. పాత బజారు సూక్‌లో సగం కొట్లకు పరదాలు దించేశారు. పైకప్పు సందుల్లోంచి ఎండ నేల మీద చారలుగా పడుతోంది, ఆ చారల్లో దుమ్ము నెమ్మదిగా తిరుగుతోంది. ఎక్కడో ఊదు కాలుతున్న వాసన. ఎండు నిమ్మకాయల గోనెల పక్కన ఒక పిల్లి కాళ్లు చాపి పడుకుంది. నేను నడుస్తున్నానో నిద్రపోతున్నానో నాకే తెలియలేదు. ఈ సందు చివర లిఫ్టు ఉంటుందని, ఎక్కితే మనీలాలో దిగుతానని అనిపించింది.

చాయ్ తాగుదామని నాయన ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. గోళ్ల మధ్య ఎంత కడిగినా పోని నీలం రంగు. చిన్న గాజు గ్లాసును ఆ వేళ్లతో తిప్పుతున్నాడు.

"పాపా, ఇది మన ఊరు కాదని నాకు రోజుకొకసారన్నా గుర్తొస్తాది. నీకెప్పుడన్నా గుర్తొచ్చిందా?"

"లేదు నాయనా."

"అదే నాకు భయం," అన్నాడు. "నేనుండేది కంపెనీ ఉంచుకున్నన్నాళ్లే. చేతులు వణికినాయంటే ఖలాస్, ఇంటికి యల్లా అంటారు. అప్పుడు మేమూ ఈడ ఉండం. ఈ ఊరికోసం చదువు ఎంచుకోవద్దమ్మా."

"అయితే ఏది ఎంచుకోమంటావు?"

"నాకేం తెలుసు. నేను బండ్లకు రంగులేసేవాణ్ని," అని చాయ్ తాగేశాడు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఊరు మనది కాదని చెప్పడానికి ఇంత ఊరి నడిబొడ్డుకు తీసుకురావాలా? తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు, వెనక సీట్లో కూర్చున్నాను. కిటికీలోంచి ఖర్జూరం చెట్లు, ఇసుకరంగు మేడలు, వంతెనలు వెనక్కి పోతుంటే ఒక్కొక్కదాన్నీ నాది నాది అనుకుంటూ వచ్చాను. ముందు సీట్లో నాయన తల ఒక పక్కకు వాల్చి నిద్రపోతున్నాడు. మా స్టాపు వచ్చేసరికి కోపం పోయి, దిగులు మిగిలింది.

నా వల్ల తేలదని తెలిసిపోయాక మేనత్త రంగంలోకి దిగింది. నాయనకు అక్క, మా పల్లెలోనే ఉంటుంది. తిరుపతిలో చేరితే నేను నెలకోసారి తన ఇంటికి వస్తానని అప్పటికే ఊరంతా చెప్పేసింది. "ఇంతమంది ఇన్ని చెప్తే పిల్లకు ఏం తోస్తాది, అమ్మవారిని పువ్వడుగుదాం" అంది.

పువ్వడగడం మా వైపు ఆడవాళ్లకు కొత్త కాదు. అమ్మవారి విగ్రహం భుజాల మీద అటూ ఇటూ తడిపిన పువ్వులు పెట్టి, మాట అడిగి, ఎదురుచూస్తూ కూర్చుంటారు. కుడి పక్క పువ్వు రాలితే సరేనని, ఎడమ పక్క రాలితే వద్దని లెక్క. పెళ్లి సంబంధానికి అడుగుతారు, బోరు వేసే ముందు అడుగుతారు. వీసా చేతికొచ్చాక ఈ దేశానికి రావాలా వద్దా అని అమ్మ కూడా అడిగే వచ్చింది. మా అత్త పెట్టిన లెక్క ఏమిటంటే, కుడి పక్క పడితే తిరుపతి, ఎడమ పక్క పడితే మనీలా. ఆమెకు ఏది కావాలో అందులోనే తెలిసిపోయింది. నేను నవ్వాను గానీ వద్దనలేదు. అవునూ కాదూ చెప్పే బరువు ఇంకొకరు మోస్తారంటే ఎవరికి చేదు?

శుక్రవారం పొద్దున అత్త గుడి నుంచి వీడియో కాల్ చేసింది. మా ఇంట్లో సోఫా ముందు చిన్న బల్ల మీద ఫోను నిలబెట్టి, అమ్మ, నాయన, చెల్లి, నేను తలస్నానాలు చేసి కూర్చున్నాం. పట్టుచీర కట్టుకుని వచ్చిన అత్తకు తన మొహం కూడా తెరలో పడాలని కోరిక. అందుకని అమ్మవారికి వీపు పెట్టి నిలబడి, సెల్ఫీ తీసుకునేటట్టు ఫోను ముందుకు చాచింది. ఆమె భుజం పైనుంచి, వెనకాల అమ్మవారు, దీపం, పసుపు రాసిన మొహం, అటొక మందారం ఇటొక మందారం. గంట మోత మా ఫర్వానియా గదిలోకి సన్నగా వచ్చింది. కింద మసీదులో శుక్రవారం ప్రసంగానికి మైకు సరిచేస్తున్నారు. రెండు శబ్దాలూ కాసేపు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

అత్త గట్టిగా మాట అడిగింది. అందరం చూస్తున్నాం. ఒక పువ్వు కదిలింది. అప్పుడే సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. పువ్వు భుజం వదిలింది గానీ నేల చేరలేదు. అత్త రెప్ప సగం వాలి ఉంది, దీపం మంట ఒరిగి ఉంది, ఎర్రటి పువ్వు గాలిలో ఉంది. ఎంతసేపో తెలియదు. ఆ కాసేపట్లో నేను రెండు ఊళ్లలోనూ ఉన్నాను. నాకు వాన వాసన వచ్చింది, ఒట్టు. తర్వాత బొమ్మ ఒక్కసారిగా కదిలింది. పువ్వు కింద ఉంది, అత్త వెనక్కి తిరిగి దాన్ని తీసి కళ్లకద్దుకుంటోంది.

"చూసినారా, కుడి పక్కే. తిరుపతే," అంది అత్త.

"కాదత్తా, ఎడమ పక్క," అంది చెల్లి.

"ఏందే ఎడమ. నేను కండ్లారా చూస్తాంటే."

"మేమూ చూసినాం గదక్కా, ఎడమ పక్కే పడింది," అన్నాడు నాయన.

అత్త పూజారిని సాక్ష్యానికి పిలిచింది. ఆయన తెరలోకి తొంగిచూసి, "నేను హారతి ఒత్తి సరిచేస్తాంటి, చూల్లేదమ్మా" అని తప్పుకున్నాడు. మళ్లీ ఒకసారి అడిగితే పోతుంది కదా అన్నాడు నాయన. అడిగిన మాట మళ్లీ అడగకూడదని అక్కడ అత్త, ఇక్కడ అమ్మ ఒకేసారి అన్నారు. అప్పుడు అమ్మ, రోజూ పెరుగు గురించి అడిగే మా అమ్మ, తెర వైపు చూసి నెమ్మదిగా చెప్పింది.

"ఎడమే వదినా. నేను బాగా చూసినా. మనీలానే."

అత్త మొహం చిన్నబోయింది. నేను అమ్మ వైపు తిరిగి చూశాను. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

ఆ పూటంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. మనీలా అని అమ్మ నోటితో వినడం నాకదే మొదటిసారి. కానీ తెల్లారేసరికి అనుమానం మొదలైంది. అత్తకు చూపు మాకంటే బాగా ఆనుతుంది, అబద్ధం చెప్పే మనిషి కాదు. మేం నలుగురం చూశాం. ఒకే పువ్వు రెండు పక్కల ఎట్లా పడుతుంది? చెల్లిని పిలిచి నా వెనక నిలబెట్టి, దాని కుడి భుజం మీద ఎర్ర రిబ్బను వేశాను. అత్త పట్టుకున్నట్టే ఫోను పట్టుకుని, పక్క గదిలో ఉన్న నాయనకు వీడియో కాల్ చేశాను. నా తెర మీద రిబ్బను కుడి పక్కన ఉంది. నాయనను అడిగితే తన తెర మీద ఎడమ పక్కన ఉందన్నాడు. ఫోను తన మనిషికి అద్దంలా చూపిస్తుంది, అవతలివాళ్లకు ఎదురుగా నిలబడినట్టు చూపిస్తుంది. అత్తా నిజమే చెప్పింది, మేమూ నిజమే చెప్పాం. పువ్వు పడింది అమ్మవారి కుడి భుజం మీద నుంచి.

నేను మంచం మీద కూలబడ్డాను. ఎవరి కుడి లెక్క అనేది నాకు సరిగ్గా తెలియదు, గుళ్లో పెరిగినదాన్ని కాదు కదా. అమ్మకు చెప్పాలి, అమ్మే తేల్చాలి అనుకున్నాను. చెబితే తిరుపతి అవుతుందేమోనని భయమేసింది. అయినా చెబుదామనే లేచాను. పువ్వడిగి దాని మాట దాచుకునేంత ధైర్యం నాకు లేదు.

అమ్మ వంటింట్లో చపాతీల పిండి కలుపుతోంది. చేతులకు పిండి ఉందని ఫోను స్పీకరులో పెట్టుకుంది. అవతల అత్త. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"మనం ఎదురుగా నిలబడితే మన ఎడమే గదమ్మే అమ్మవారి కుడి," అంటోంది అత్త. "ఆమె కుడే లెక్కని నీకు తెలీదా? ఆ గుడి ముందర ఆడుకుంటా పెరిగినదానివి."

"తెలుసు వదినా."

"తెలిసి మరి ఎడమని ఎందుకు చెప్పినావు?"

అమ్మ చాలాసేపు పిండి పిసికింది.

"పువ్వు పడేటప్పుడు నేను పువ్వును చూల్లేదు వదినా. పాప మొగం చూసినా. చిన్నది ఎడమ అనంగానే పాప మొగం ఎట్ల అయ్యిందో నువ్వు చూల్లేదు. పుట్టినప్పటి నుంచి దాని మొగం అట్ల నేను చూల్లేదు."

"అమ్మవారి మాట దాటొచ్చునా?"

"దాటింది నేను. తగిలితే నాకే తగలనీ, దానికి తగలొద్దని మొక్కుకున్నా."

"పిల్ల ఇంక ఆడికి రాదే."

"రాదు," అంది అమ్మ. తర్వాత, "చపాతీకి పిండి గట్టిగా అయింది వదినా, ఉండు, నీళ్లు పోస్తా" అంది.

నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. పరదా వెనక నిలబడి చాలాసేపు ఏడ్చాను. బయట దుమ్ముగాలికి వీధి నారింజరంగుగా మారిపోయి, ఎదురు బిల్డింగు ఉందో లేదో తెలియకుండా ఉంది. లోపలికి పోయి, నాకు తిరుపతే ఇష్టమమ్మా అని చెప్పొచ్చు. చెబితే ఆమె నమ్మదు. నా మొహం చూస్తుంది, దొరికిపోతాను. ఎందుకంటే అమ్మ చూసింది నిజమే. ఎడమ అని చెల్లి అన్నప్పుడు నాలో లేచిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ సంతోషం ఖరీదు ఎవరు కడుతున్నారో అప్పుడు నేను చూసుకోలేదు, అమ్మ చూసుకుంది. విన్నానని అమ్మతో ఆ రోజూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే మనీలాకు ఒప్పుకుంటున్నట్టు జవాబు రాశాను.

మనీలాలో సందులు నా కలలో ఉన్నంత ఇరుకుగా లేవు. వాన మాత్రం అంతకంటే ఎక్కువే. వాళ్ల మాట పట్టుబడటానికి నాకు కష్టమే అయింది. ఇక్కడ నిద్రలో కువైట్ వస్తుంది, ఇదివరకు ఈ ఊరు వచ్చినట్టే, కొంచెం కొంచెం తప్పుగా.

ఆరు నెలలు దాటిన వారం నాయన, నా ఇఖామా పోయి కువైట్ సివిల్ ఐడీ కార్డు ఇంక పనిచేయడం లేదని మెసేజ్ పెట్టాడు. వెనకాలే అమ్మ ఫోన్ చేసింది. ఆ మాట మాత్రం ఎత్తలేదు. తిన్నావా అంది, వాన తగ్గిందా అంది. ఏం చేస్తున్నావని నేనే అడిగాను.

"నీ దిండుకు గలీబు మారుస్తాండా. పూలది, బీరువాలో పెట్టినామే, మంచిది."

"నేను లేను గదమ్మా. ఇప్పుడెందుకు?"

"ఇంక నువ్వొచ్చినా విజిట్ వీసా మీదనే గదా. చుట్టాలొస్తే మంచి గలీబు వేస్తాం గదా మనం," అని తనే ముందు నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

"అది తీసెయ్యమ్మా," అన్నాను. "పాతదే వెయ్యి."